గూడ్సు కంపెనీ పట్టాల మీద రాష్ట్రం ప్యాసింజర్ రైళ్ళు పెంచాలంటే డబ్బు దేనికి పెట్టాలి?

రిచ్‌మండ్ దగ్గర ఉంటున్న ఒకరు ఇలా అడిగారు: "పట్టాలు ఉన్నాయి, స్టేషన్ ఉంది, వాషింగ్టన్ వెళ్ళే జనం ఉన్నారు. ఇంకో నాలుగు రైళ్ళు వేస్తే సరిపోయేదానికి వర్జీనియా వందల కోట్ల డాలర్లు ఎందుకు పెడుతోంది? అందులోనూ లాభాల్లో ఉన్న ప్రైవేటు గూడ్సు కంపెనీకి మన పన్నులు ఎందుకు ఇవ్వాలి? ఇంతా చేస్తే మాకు గంటకో రైలు ఎప్పటికి వస్తుంది?"

సూటిగా చెప్తాను. ఈ పనిలో రైలు కొనడం తేలిక. ఆ రైలు వెళ్ళడానికి దారి కావాలి, ఆ దారిలో రోజూ ఫలానా టైముకు మన బండి పోవాలన్న హక్కు కావాలి. ఖరీదంతా ఈ రెండింటిది. ప్రైవేటు కంపెనీకి ప్రజల డబ్బు ఇవ్వడం దానంతటది తప్పు కాదు. ఇచ్చిన డబ్బుకు రాష్ట్రం చేతికి ఏమొచ్చిందన్నదే చూడాలి. భూమీ పట్టాలూ వచ్చాయా, పక్కా కాగితాల మీద శాశ్వత హక్కు వచ్చిందా, లేక "సహకరిస్తాం" అన్న ఉత్తరం ముక్క వచ్చిందా? వర్జీనియా 2019లో సీఎస్‌ఎక్స్ అనే గూడ్సు కంపెనీతో కుదుర్చుకున్న ఒప్పందం ఈ లెక్కన చాలా మంచిదని నా అభిప్రాయం. గంటకో రైలు సంగతి చివర్లో చెప్తాను.

నేను చాలా ఏళ్ళుగా లైను కెపాసిటీ లెక్కలు కట్టే పనిలో ఉన్నాను. రాష్ట్ర రవాణా శాఖల తరఫున కూర్చునే కన్సల్టెంటును. గూడ్సు కంపెనీల వైపు ఎప్పుడూ కూర్చోలేదు కాబట్టి నా చూపు కాస్త ఇటే ఒరిగి ఉంటుంది. అది గుర్తుంచుకుని చదవండి.

ఇండియా నుంచి వచ్చిన మనలాంటివాళ్ళని మొదట తికమక పెట్టేది పట్టాలు ఎవరివి అన్న సంగతి. అక్కడ పట్టాలు, ఇంజన్లు, గూడ్సు, ప్యాసింజర్, సిగ్నళ్ళు అన్నీ ఒకే రైల్వేవి. ఇక్కడ బోస్టన్, న్యూయార్క్, వాషింగ్టన్‌లను కలిపే లైను లాంటివి కొన్ని తప్ప, పట్టాలు గూడ్సు కంపెనీల సొంత ఆస్తి. మరమ్మతులు వాళ్ళే చేసుకుంటారు, ఆస్తి పన్నూ వాళ్ళే కడతారు. ఒకప్పుడు ప్యాసింజర్ రైళ్ళూ వాళ్ళే నడిపేవారు. 1960ల్లో ఆ నష్టాలు మోయలేక మొర పెట్టుకుంటే, 1970లో చట్టం చేసి ఆ బరువును కొత్త సంస్థ నెత్తిన పెట్టారు. అలా 1971 మే 1న ఆమ్‌ట్రాక్ మొదలైంది. బదులుగా గూడ్సు కంపెనీలు ఆమ్‌ట్రాక్ బళ్ళను తమ లైన్ల మీద పోనివ్వాలి, అదీ వాటివల్ల అదనంగా అయ్యే ఖర్చు మాత్రమే తీసుకుని. 1973లో ఇంకో మాట కూడా చేర్చారు: గూడ్సు కంటే ప్యాసింజర్‌కు ముందు దారి ఇవ్వాలి.

చదువుతుంటే అంతా మనకే అనుకూలంగా ఉంది కదా. కానీ ఆ నియమాన్ని కోర్టుకెక్కి అమలు చేయించగలిగేది కేంద్ర న్యాయశాఖ ఒక్కటే. వాళ్ళు 1979లో ఒకసారి కేసు వేశారు. మళ్ళీ 2024 జూలైలో, న్యూ ఆర్లీన్స్ వెళ్ళే క్రెసెంట్ రైలు ఆలస్యాల మీద నార్ఫోక్ సదరన్ అనే గూడ్సు కంపెనీపై వేశారు. మధ్యలో నలభై అయిదేళ్ళు గడిచిపోయాయి. అర్ధరాత్రి కంట్రోల్ రూములో కూర్చున్న డిస్పాచర్ ఆ చట్టం తలుచుకుని బండి వదులుతాడా?

ఇక రాష్ట్రాల సంగతి. 2008లో వచ్చిన చట్టం ప్రకారం, ఆ బోస్టన్-వాషింగ్టన్ లైను తప్ప, 750 మైళ్ళ లోపు రూట్లు నడిపే ఖర్చును రాష్ట్రాలే ఎత్తుకోవాలి. 2013 అక్టోబరు నుంచి అది అమల్లోకి వచ్చింది. మీరు రిచ్‌మండ్‌లో ఎక్కే రైలు మీద ఆమ్‌ట్రాక్ పేరు ఉన్నా, టికెట్ల మీద రాని డబ్బు కట్టేది వర్జీనియా. ఆ బిల్లు చేతికి వచ్చినప్పటి నుంచే చాలా రాష్ట్రాలు "అసలు మనం దేనికి కడుతున్నాం" అని అడగడం మొదలుపెట్టాయి. అది మంచిదే అయింది.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. పట్టాలు ఖాళీగానే కనిపిస్తున్నాయి కదా, ఇంకో రైలు ఎందుకు పట్టదు?

వేగాలు కలవకపోవడం వల్ల. ప్యాసింజర్ గంటకు 79 మైళ్ళ దాకా వెళ్తుంది, గూడ్సు 50 దాటితే గొప్ప. ఒకే వేగంతో వెళ్ళే బళ్ళను వెనకా ముందూ ఎన్నయినా వదలొచ్చు. వేగంగా వెళ్ళే బండి ఒకటి మధ్యలో దూరిందంటే దాని ముందు అంత ఖాళీ ఉంచాలి, వెనకా ఉంచాలి. టైం టేబుల్లో ఒక ప్యాసింజర్ రెండు మూడు గూడ్సు బళ్ళ చోటు తినేస్తుంది. మన దగ్గర సింగిల్ లైను మీద ప్రయాణం చేసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. బండిని క్రాసింగ్‌లో పెట్టి, ఎదురు బండి వచ్చేదాకా అరగంట కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చోవడమే. ఇక్కడ ఇంకో తిరకాసుంది. గూడ్సు బళ్ళు ఇప్పుడు రెండేసి మైళ్ళ పొడవు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. లూపు లైన్లు, అంటే బండిని పక్కకు తప్పించి నిలిపేవి, చాలావరకు పాత కాలపు కొలతలవి. అంత పొడుగు గూడ్సు లూపులో పట్టదు కాబట్టి, చట్టం ఏం చెప్పినా లూపులోకి దూరి ఆగేది ప్యాసింజరే.

అందుకే రాష్ట్రం ఇంకో రైలు అడగ్గానే గూడ్సు కంపెనీ "ముందు మోడల్ చేయిద్దాం" అంటుంది. లైను మొత్తం, లూపులూ సిగ్నళ్ళూ యార్డులతో సహా, కంప్యూటర్లోకి ఎక్కిస్తారు. ఇప్పటి గూడ్సు, ఇరవై ఏళ్ళ తర్వాత వస్తుందనుకున్న గూడ్సు నడిపిస్తారు. ఆ మధ్యలో మన రైలు పెడతారు. ఎవరి ఆలస్యమూ పెరగకూడదంటే ఏయే పనులు చేయాలో ఒక జాబితా బయటికొస్తుంది. ఇక్కడ ఇంకో లైను, అక్కడ లూపు పొడిగింపు, ఫలానా చోట సిగ్నళ్ళ మార్పు. బేరమంతా ఆ జాబితా మీదే.

నా పనిలో ఎక్కువ కాలం గడిచింది ఈ జాబితాలతోనే. ఒక రాష్ట్రం తరఫున పనిచేసినప్పుడు (పేరు చెప్పను) మేం అడిగిన రైలుకు వచ్చిన జాబితాలో ఒక యార్డు పని ఉంది. జాబితా మొత్తంలో ఖరీదైనది అదే. మన రైలును పూర్తిగా తీసేసి అదే మోడల్ మళ్ళీ నడపమని అడిగాం. నడిపితే ఆ యార్డు అప్పుడూ కిక్కిరిసే ఉంది. అంటే అది వాళ్ళ పాత జబ్బు, మందు ఖర్చు మన ఖాతాలో రాశారు. చివరికి దాన్ని సగం సగం అని తేల్చుకున్నాం. అప్పటి నుంచీ నేను ఎక్కడ కూర్చున్నా మొదట అడిగేది ఇదే: మన రైలు లేకుండా ఆ లైను ఎలా ఉందో ముందు చూపించండి.

గూడ్సు కంపెనీల భయంలోనూ న్యాయం ఉంది, అది కూడా చెప్పాలి. పై పొలం రైతు తన గట్టు మీదుగా కింది రైతుకు ఒక తడికి కాలువ వదిలితే, మరుసటి ఏడు అది హక్కయిపోతుంది, ఇక పూడ్చలేడు. ప్యాసింజర్ రైలూ అంతే. ఒకసారి మొదలయ్యాక దాన్ని రద్దు చేయించడం ఎవరి తరమూ కాదు, ఊళ్ళు ఊళ్ళే లేస్తాయి. రేపు అదే లైను మీద కొత్త పోర్టు సరుకు వస్తే కంపెనీ ఏం చేయాలి? పైగా ప్యాసింజర్ల ప్రమాదాలకు బీమా, పరిహారం ఎవరు కట్టాలన్న గొడవ ఒకటి. బయటివాళ్ళకి కనపడదు గానీ చాలా బేరాలు మొండికేసేది ఈ బీమా పేరా దగ్గరే.

సరే, వర్జీనియా ఏం చేసిందో చూద్దాం. నాకు బాగా నచ్చిన కేసు ఇది, కాస్త నిదానంగా చెప్తాను.

2009 అక్టోబరు 1న లించ్‌బర్గ్ నుంచి వాషింగ్టన్‌కు, అక్కడినుంచి ఈశాన్యానికి రాష్ట్రం సొంత ఖర్చుతో మొదటి రైలు వేసింది. తెలివంతా ఎక్కడుందంటే, అది కొత్త రైలు కాదు. న్యూయార్క్ వైపు నుంచి వచ్చి వాషింగ్టన్‌లో ఆగిపోయే రైలునే దక్షిణానికి పొడిగించారు. వాషింగ్టన్‌లో కరెంటు ఇంజన్ తీసి డీజిల్ ఇంజన్ తగిలిస్తారు, పెట్టెలు అవే. జనం బండి మారక్కర్లేదు, లించ్‌బర్గ్‌లో కూర్చున్నవాళ్ళు న్యూయార్క్‌లో దిగొచ్చు. మొదటి ఏడాది 51 వేల మంది ఎక్కుతారని అంచనా వేస్తే లక్షా పాతిక వేలు దాటారు, టికెట్ల మీదే నడిపే ఖర్చు వచ్చేసింది. చేతులు ముడుచుకుని కూర్చున్న శాసనసభ్యులను కదిలించింది నివేదికలు కాదు, ఆ అంకె.

తర్వాత 2012 డిసెంబరులో నార్ఫోక్‌కు రైలొచ్చింది, ఆ ఊరు రైలు చూసి ముప్పై అయిదేళ్ళయింది. 2017 అక్టోబరులో లించ్‌బర్గ్ రైలును రోనోక్ దాకా లాగారు. అక్కడ 1979 తర్వాత ప్యాసింజర్ రైలే లేదు. అప్పటిదాకా పద్ధతి ఏంటంటే, ఒక్కో రైలుకు ఒక్కో జాబితా, ఒక్కో ఒప్పందం. రాష్ట్రం డబ్బుతో కంపెనీ లైను బాగుపడుతుంది, ఆస్తి కంపెనీదే, మనకు దక్కేది రోజుకో రైలు. ఇంకో రైలు కావాలంటే మళ్ళీ మొదటి నుంచి బేరం.

ఇలా వెళ్తే లాంగ్ బ్రిడ్జి దగ్గర దారి మూసుకుపోతుందని అందరికీ తెలుసు. వాషింగ్టన్‌కూ వర్జీనియాకూ మధ్య పొటోమాక్ నది మీదున్న రైలు వంతెన అది. 1904 నాటిది, రెండే లైన్లు. సీఎస్‌ఎక్స్ గూడ్సు బళ్ళు, ఆమ్‌ట్రాక్, పొద్దునా సాయంత్రం ఉద్యోగస్తుల్ని చేరవేసే వర్జీనియా రైల్వే ఎక్స్‌ప్రెస్, అన్నీ దాని మీదే పోవాలి. దక్షిణాన ఎన్ని వందల మైళ్ళు డబుల్ లైను వేసినా చివరికి ఈ గొంతులోంచే దూరాలి. మీ రిచ్‌మండ్‌కు ఇంకో రైలు ఎందుకు పట్టదన్న ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు ఈ వంతెన.

మరో పక్క ఐ-95 హైవే. దాన్ని వెడల్పు చేస్తే ఎంతవుతుందని రాష్ట్రం లెక్క కట్టించింది. 52 మైళ్ళ మేర అటొకటి ఇటొకటి లేను వేయడానికి 1,250 కోట్ల డాలర్లన్నారు. అదీ పూర్తయ్యేసరికి మళ్ళీ నిండిపోతుందన్నారు. ఆ అంకె పక్కన పెట్టి చూసేసరికి రైలు ఖర్చు చవగ్గా కనిపించింది. ఇది అమ్మకపు నేర్పు అని కొందరు విమర్శిస్తారు. హైవే మీద వెళ్ళే లారీ రైలెక్కదు కాబట్టి ఆ విమర్శలో కొంత నిజముంది. కానీ ఉన్న డబ్బును ఎక్కడ పెట్టాలన్నది తేల్చుకోవాల్సిన ప్రభుత్వానికి ఆ పోలిక అక్కర్లేదని మాత్రం అనలేం.

2019 డిసెంబరులో అప్పటి గవర్నర్ రాల్ఫ్ నార్తమ్ సీఎస్‌ఎక్స్‌తో ఒప్పందం ప్రకటించారు. పదేళ్ళ మీద మొత్తం 370 కోట్ల డాలర్ల కార్యక్రమం. అందులో 52.5 కోట్లు మాత్రమే సీఎస్‌ఎక్స్ చేతికి, భూమీ పట్టాల కింద. ఆ డబ్బుకు రాష్ట్రానికి వచ్చినవి 350 మైళ్ళ లైను భూమి, 225 మైళ్ళ పట్టాలు. వాషింగ్టన్ నుంచి పీటర్స్‌బర్గ్ దాకా ఐ-95 వెంట ఉన్న లైను భూమిలో సగం రాష్ట్రానిది అయింది. పీటర్స్‌బర్గ్ నుంచి నార్త్ కరోలినా సరిహద్దు దాటేదాకా వాడకం లేక పట్టాలు ఊడిపోయిన ఎస్-లైను కూడా అందులోనే వచ్చింది. మిగిలిన డబ్బు కొత్త వంతెనకూ, అదనపు లైన్లకూ. 2020లో ఈ ఆస్తి చూసుకోవడానికి వర్జీనియా ప్యాసింజర్ రైల్ అథారిటీ అని ప్రత్యేక సంస్థ పెట్టారు. పక్కా సంతకాలు 2021 మార్చిలో అయ్యాయి.

సీఎస్‌ఎక్స్‌కు ఏం లాభం? వాళ్ళు అమాయకంగా ఇవ్వలేదు. నగదు వచ్చింది. అంతకంటే ముఖ్యంగా, పని పూర్తయ్యాక ప్యాసింజర్ బళ్ళు కొత్త వంతెన మీదికి, పక్క లైన్ల మీదికి పోతాయి. పాత వంతెన గూడ్సుకు మిగులుతుంది. రోజూ తమ బండిని ఆపి ప్యాసింజర్‌ను వదలమనే పోరు తప్పుతుంది. ఇద్దరూ ఒకే లైను పంచుకోవడం కంటే లైన్లు విడదీసుకోవడం ఇద్దరికీ మేలన్నదే ఈ ఒప్పందం ప్రాణం. నేను చూసిన బేరాల్లో నిలబడేవి ఇలాంటివే. గూడ్సు కంపెనీని వేధించి తెచ్చుకున్న రైలు రోజూ ఆలస్యంగానే నడుస్తుంది.

డబ్బు ఎక్కడిదంటే ఒక్క చోటిది కాదు. రాష్ట్రం, ఆమ్‌ట్రాక్, కేంద్రం, ఐ-66 టోలు రాబడిలో కొంత. 2023 డిసెంబరులో వంతెన పనికి కేంద్రం 72.9 కోట్ల డాలర్లు మంజూరు చేసింది, 2024 అక్టోబరులో శంకుస్థాపన అయింది. కేంద్రం గ్రాంట్ల మీద ఒక మాట. అవి కట్టడానికి వస్తాయి గానీ నడపడానికి సాధారణంగా రావు. పైగా గ్రాంటు అడిగేనాటికి డిజైన్, పర్యావరణ అనుమతి చేతిలో ఉన్న రాష్ట్రానికే మొగ్గు. గ్రాంటు వచ్చాక ప్లాన్ వేద్దాంలే అన్న రాష్ట్రాలు ఎప్పుడూ క్యూలో వెనకే.

మిగతా రాష్ట్రాలు వేరే దారులు తొక్కాయి. నార్త్ కరోలినా అదృష్టం పెద్దవాళ్ళిచ్చింది. 1849లో పుట్టిన నార్త్ కరోలినా రైల్‌రోడ్‌లో రాష్ట్రానికి మొదటి నుంచీ పెద్ద వాటా ఉంది. మిగిలిన వాటాలు 1998లో కొనేసి 317 మైళ్ళ లైను మొత్తం సొంతం చేసుకుంది, గూడ్సు నడుపుకోమని నార్ఫోక్ సదరన్‌కు లీజుకిచ్చింది. కేరీలో, షార్లట్‌లో ఉండే మనవాళ్ళు ఎక్కే పీడ్‌మాంట్ రైలు ఆ లైను మీదే. 2009 ఉద్దీపన నిధుల్లో 52 కోట్ల డాలర్లు తెచ్చి డబ్లింగ్ చేసుకున్నారు, లెవెల్ క్రాసింగులు తీసి వంతెనలు కట్టారు. 1995లో పీడ్‌మాంట్ మొదలైనప్పుడు రోజుకు ఒకే జత, అంటే పోను ఒకటి, రాను ఒకటి. ఇప్పుడు ర్యాలీ, షార్లట్ మధ్య కరోలీనియన్ అనే ఇంకో రైలుతో కలిపి రోజుకు అయిదు జతలు, చివరిది 2023 జూలైలో చేరింది. హంగూ ఆర్భాటం లేకుండా పాతికేళ్ళు ఒకే పని చేయడం ఇదే.

మిషిగన్ 2012లో కలమజూ, డియర్‌బోర్న్ మధ్య 135 మైళ్ళ లైను 14 కోట్ల డాలర్లకు కొనేసింది. గూడ్సు తగ్గిపోయి, కంపెనీకి మరమ్మతులు బరువైన లైను అది. అలాంటప్పుడు కొనడం చవక. గూడ్సుతో కళకళలాడే లైనును ఏ కంపెనీ అమ్మదు, కాబట్టి "అన్నీ కొనేయండి" అనే సలహా వినడానికే బాగుంటుంది.

కాలిఫోర్నియాలో శాక్రమెంటో, శాన్ హొసే మధ్య నడిచే క్యాపిటల్ కారిడార్ రైళ్ళ లైను యూనియన్ పసిఫిక్ అనే గూడ్సు కంపెనీది, ఇప్పటికీ వాళ్ళదే. రాష్ట్రం అక్కడ వేరే ఉపాయం పట్టింది. లైను పనులకు డబ్బు పెట్టింది, రైళ్ళు టైముకు నడిస్తే కంపెనీకి ఇంత అని ప్రోత్సాహకం కట్టింది. 1991లో మూడు జతలతో మొదలై 2006కి శాక్రమెంటో, ఓక్లాండ్ మధ్య పనిరోజుల్లో పదహారు జతలయ్యాయి. టైము పాటించడంలోనూ ఆమ్‌ట్రాక్ రూట్లలో మంచి పేరు తెచ్చుకుంది. ఆస్తి లేకపోయినా ఒప్పందం గట్టిదైతే పని జరుగుతుందనడానికి నేను ఇదే చూపిస్తుంటాను.

ఇల్లినాయ్ సంగతి నాకు కొంచెం నిరాశ. షికాగో, సెయింట్ లూయిస్ మధ్య సుమారు 195 కోట్ల డాలర్లు పెట్టి 2023 జూన్ నాటికి గంటకు 110 మైళ్ళ వేగం తెచ్చారు. లైను బ్రహ్మాండంగా ఉంది. కానీ రాష్ట్రం నడిపే రైళ్ళు అప్పుడూ రోజుకు నాలుగు జతలే, ఇప్పుడూ నాలుగే. వేగం పేపర్లో హెడ్డింగుకు బాగుంటుంది. పొద్దున బండి తప్పిపోతే మళ్ళీ మధ్యాహ్నం దాకా లేదన్నప్పుడు మాత్రం జనం కారు తాళాలే అందుకుంటారు. రిచ్‌మండ్‌కు నేను కోరుకునేది 110 మైళ్ళ వేగం కాదు, గంటకో బండి.

డబ్బూ పెట్టక, లైనూ బాగుచేయక, ఉత్తి రైలు నడిపితే ఏమవుతుందో ఇండియానా చూపించింది. ఇండియానాపొలిస్ నుంచి షికాగోకు హూజియర్ స్టేట్ అని వారానికి నాలుగు రోజుల రైలు ఉండేది. కారులో మూడు గంటల దారికి అది అయిదు గంటలు తీసుకునేది. 2019లో రాష్ట్రం డబ్బు ఆపేసింది, ఆ జూన్ ఆఖరుతో రైలు ఆగిపోయింది. జనం ఎక్కలేదు కాబట్టి తీసేశామన్నారు. ఎక్కేలా నడిపితే కదా!

కొట్లాడి సాధించిన కేసు కూడా ఒకటుంది. 2005లో కత్రినా తుఫానుకు ఆగిపోయిన గల్ఫ్ తీరం రైలును తిరిగి వేయడానికి ఆమ్‌ట్రాక్, దక్షిణ రాష్ట్రాలు ఏళ్ళ తరబడి అడిగాయి. మోడల్ ఎలా చేయాలన్న దగ్గరే తగాదా. 2021లో కేంద్ర రవాణా బోర్డు దగ్గరికి ఫిర్యాదు వెళ్ళింది. విచారణలు సాగి సాగి 2022 నవంబరులో రాజీ కుదిరింది. న్యూ ఆర్లీన్స్, మొబీల్ మధ్య రోజుకు రెండు జతల రైళ్ళు 2025 ఆగస్టులో మొదలయ్యాయి. అంటే ఇరవై ఏళ్ళు. హక్కు చట్టంలో ఉండి కూడా.

మన తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటిది లేదా అని ఈ మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు. రాష్ట్రం డబ్బు కలపడం అక్కడా ఉంది. హైదరాబాదు ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ళ మొదటి దశ 2003లో మొదలైంది, ఖర్చు రైల్వే, రాష్ట్రం చెరి సగం. రెండో దశకు రాష్ట్రం మూడింట రెండొంతులు, రైల్వే ఒక వంతు అని 816 కోట్ల రూపాయల అంచనాతో మొదలుపెట్టారు. రాష్ట్ర వాటా సమయానికి రాక పని ఏళ్ళ తరబడి సాగింది, మేడ్చల్ రైలు 2023 ఏప్రిల్‌లో గానీ రాలేదు. మనోహరాబాద్ నుంచి కొత్తపల్లికి వేస్తున్న లైనుకైతే రాష్ట్రం భూమి ఉచితంగా ఇవ్వాలి, ఖర్చులో మూడో వంతు భరించాలి, నడపడం మొదలయ్యాక అయిదేళ్ళు నష్టమొస్తే అదీ కట్టాలి. సిద్దిపేటకు 2023 అక్టోబరులో రైలొచ్చింది. వర్జీనియా ఒప్పందంతో తేడా ఒక్కచోటే ఉంది. ఇండియాలో రాష్ట్రం డబ్బు ఎంత పెట్టినా లైను రైల్వేది, టైం టేబుల్ రైల్వేది. ఎంఎంటీఎస్ బండి ఎక్స్‌ప్రెస్ కోసం ఆగి నిలబడితే వాటా కట్టిన రాష్ట్రం చేయగలిగేది ఉత్తరం రాయడమే. వాటా ఇచ్చేటప్పుడే రోజుకు ఇన్ని బళ్ళు, ఇన్ని నిమిషాలకొకటి అని రాయించుకునే పద్ధతి రావాలన్నది నా కోరిక. రైల్వేలో పనిచేసే మిత్రులు ఇది విని నవ్వుతారు, నవ్వనివ్వండి.

మీ దగ్గర ఈ రైలు పనుల మీద ప్రజాభిప్రాయ సమావేశాలు జరుగుతుంటాయి. వెళ్తే స్టేషన్ బొమ్మల దగ్గర కాకుండా ఇంజనీర్ల దగ్గర నిలబడండి. ఈ పని అయ్యాక లైను ఆస్తి ఎవరి పేరున ఉంటుందో అడగండి. ఆలస్యమైతే ఎవరు ఎవరికి కట్టాలో అడగండి. ఒప్పందం గడువు ఎన్నేళ్ళో, కంపెనీ చేతులు మారితే హక్కు నిలుస్తుందో లేదో అడగండి. అమెరికాలో రైల్‌రోడ్లు ఒకదాన్నొకటి మింగడం కొత్త కాదు, కాబట్టి ఈ చివరి ప్రశ్న చాలా అవసరం.

ఇక గంటకో రైలు. 2022 జూలైలో రోనోక్‌కు రెండో రైలు, నార్ఫోక్‌కు మూడో రైలు వేయడంతో రాష్ట్రం నడిపేవి రోజుకు ఎనిమిది జతలయ్యాయి. వాటిలో రోనోక్‌వి తప్ప మిగతా ఆరూ మీ స్టేపుల్స్ మిల్ స్టేషన్‌కు వస్తాయి. ఊరి మధ్యలో ఉన్న మెయిన్ స్ట్రీట్ స్టేషన్‌కు న్యూపోర్ట్ న్యూస్ వెళ్ళే రెండూ, అక్కడితో ఆగిపోయే ఒకటీ మాత్రమే వస్తాయి, నార్ఫోక్ బళ్ళు ఊరి పక్క నుంచి తప్పించుకుపోతాయి. కొత్త లాంగ్ బ్రిడ్జిని 2030కి తెరవాలన్నది లక్ష్యం. అంతవరకు పెద్దగా ఏమీ పెరగదనే అనుకోండి. ఎక్కడన్నా ఒక బండి చేరినా అది పాత వంతెన మీద టైములు సర్దుకుని దూర్చిందే అవుతుంది. వంతెన తెరిచాక కూడా దక్షిణాన మూడో లైను పనులు ఎంతవరకు పూర్తయితే అన్ని బళ్ళే పెరుగుతాయి, ఒక్క రోజులో గంటకొకటి రాదు. ఈ లోపు వాషింగ్టన్‌లో ఉద్యోగం కోసం ఇల్లు వెతుకుతున్నట్టయితే, రేపటి రైలును నమ్మి రిచ్‌మండ్‌లో కొనకండి. వర్జీనియా రైల్వే ఎక్స్‌ప్రెస్ ఇప్పటికే నడుస్తున్న ఫ్రెడరిక్స్‌బర్గ్ వైపు చూడండి. అదీ శని ఆదివారాల్లో లేదు, ముందే చెప్తున్నాను.